ఈయనకు వలీ ఎవరు, హజ్రత్?

ఫిఖహ్ తరగతిలో జనాజా అధ్యాయం ఏటా ఒకసారి వస్తుంది. మృతదేహానికి గుసుల్ ఎలా చేయించాలి, కఫన్‌లో పురుషునికి ఎన్ని వస్త్రాలు, స్త్రీకి ఎన్ని, నమాజులో ఎన్ని తక్బీర్లు, సమాధిలో ముఖం ఏ వైపుకు ఉండాలి వంటి విషయాలన్నీ పిల్లలు కంఠస్థం చేస్తారు. ఇది ఫర్జె కిఫాయా అని, ఊరిలో కొందరు నిర్వర్తిస్తే అందరి బాధ్యతా తీరుతుందని, ఎవ్వరూ పూనుకోకపోతే ఊరంతా పాపంలో భాగస్వాములవుతుందని చెప్పి మేము ఆ పాఠాన్ని ముగిస్తాము. దాదాపు పాతికేళ్లుగా ఇలాగే చెబుతూ వస్తున్నాము. ఆ అధ్యాయంలోనే ఒక చిన్న మసలా ఉంది. ముస్లిమేతరుడు ఎవరైనా చనిపోయి, అతనికి వలీగా ముస్లిం బంధువు ఉంటే, ఆ బంధువే దేహాన్ని కడిగి, వస్త్రం చుట్టి, ఖననం చేస్తాడని గ్రంథకర్తలు రాశారు. పరీక్షలో వచ్చే ప్రశ్న కాదు గనుక ఆ వాక్యం దగ్గర మేమెన్నడూ ఎక్కువసేపు ఆగలేదు. హిజ్రీ 1442 రంజాన్ మాసంలో మా శిష్యుడొకడు మమ్మల్ని అక్కడ ఆపాడు.

అది 2021 ఏప్రిల్, మే నెలల కాలం. కరోనా రెండవ ఉద్ధృతి మన ప్రాంతాన్ని కుదిపివేసిన ఆ రోజులు పాఠకులకు గుర్తుండే ఉంటాయి. తిరుపతిలో రుయా ఆసుపత్రి ఉంది, స్విమ్స్ ఉంది. స్విమ్స్‌కు చెందిన పద్మావతీ ఆసుపత్రిని కోవిడ్ రోగులకే కేటాయించారు. చిత్తూరు జిల్లా వారే కాక కడప, నెల్లూరు వైపు వారు కూడా ఇక్కడికే వచ్చేవారు. కోలుకున్నవారు ఇళ్లకు వెళ్లేవారు. చనిపోయినవారి విషయమే కష్టమయ్యేది. కేంద్ర ఆరోగ్యశాఖ 2020 మార్చిలో జారీచేసిన నిబంధనల ప్రకారం దేహాన్ని ద్రవం కారని సంచిలో ఉంచి, సంచి పైభాగాన్ని 1 శాతం హైపోక్లోరైట్ ద్రావణంతో శుద్ధి చేయాలి. స్నానం చేయించరాదు, ముద్దాడరాదు, కౌగిలించుకోరాదు. ముఖం చివరిసారి చూపించడానికి అనుమతి ఉంది. జాగ్రత్తలతో బంధువులు శ్మశానానికి రావడానికీ అనుమతి ఉంది. అయినా భయం నిబంధనలను మించిపోయింది. ఒకే ఇంట్లో ముగ్గురూ జ్వరంతో పడి ఉంటే వచ్చేదెవరు? దూరాన ఉన్నవారికి బస్సులు లేవు. దగ్గర ఉండి కూడా ఫోను ఆపివేసినవారు లేకపోలేదు. వారిని నిందించే అర్హత మాకు లేదు. ఎందుకు లేదో కాస్సేపట్లో చెబుతాము.

ఆ సమయంలో తిరుపతి ముస్లిం యువకులు కొందరు కోవిడ్-19 ముస్లిం జేఏసీ పేరుతో కలిసికట్టుగా నిలబడ్డారు. తీసుకువెళ్లేవారు లేని దేహాలను మార్చురీ నుంచి తీసుకుని, మృతుడు ముస్లిం అయితే ఖబరస్తానుకు, హిందువు అయితే శ్మశానవాటికకు, క్రైస్తవుడు అయితే వారి సమాధుల తోటకు చేర్చి, ఎవరి సంప్రదాయం ప్రకారం వారికి అంతిమ సంస్కారాలు జరిగేలా చూశారు. అప్పటి తిరుపతి శాసనసభ్యులు భూమన కరుణాకర రెడ్డి గారు కూడా ఆ యువకులతో కలిసి అంత్యక్రియలలో పాల్గొన్నారు. పత్రికలలో వచ్చిన ఫోటోలలో తెల్లని రక్షణ దుస్తుల వెనుక ఎవరు ఎవరో తెలిసేది కాదు. మాకు తెలిసినవారిలో ఆటో నడిపేవారున్నారు, తోపుడు బండిపై పండ్లు అమ్మేవారున్నారు, సెల్‌ఫోన్లు బాగుచేసే చిన్న దుకాణం వాడున్నాడు. లాక్‌డౌన్ దెబ్బకు వారిలో చాలామంది ఇళ్లలోనే ఆ నెల పొయ్యి సరిగా వెలగలేదు.

వారిలో ఒకడు మా దగ్గర చదువుకున్నవాడు. చదువుకున్నాడని అనడం కంటే చదువు మానుకున్నాడని అనడం న్యాయం. హిఫ్జ్‌లో పదకొండు పారాలు పూర్తిచేసి, తండ్రికి పక్షవాతం రావడంతో ఆటో ఎక్కాడు. మార్గమధ్యంలో జారిపోయినవారి జాబితాలో మేము వాడిని ఎప్పుడో చేర్చివేశాము.

ఒక మధ్యాహ్నం ఆ అబ్బాయి ఫోను చేశాడు. మార్చురీ దగ్గర ఉన్నాడు. మృతుడు హిందువు, కూరగాయల మార్కెట్టులో మూటలు మోసే హమాలీ, ఇల్లు జీవకోనలో. భార్య ఒక్కతే ఉంది. పిల్లలు లేరు. అన్నదమ్ములు రామన్నారు. “శ్మశానం దాకా తీసుకుపోవడమే కాదు హజ్రత్, నిప్పు పెట్టే చేయి కూడా లేదంటున్నారు. ఆ పెద్దమ్మ నిలబడలేకపోతోంది. మేము ఎంతవరకు చేయవచ్చు?” అని అడిగాడు.

మేము ఏమన్నాము? ఆగమన్నాము. గ్రంథాలు చూసి, పెద్దలను సంప్రదించి చెబుతామన్నాము. పాఠకులు మమ్మల్ని క్షమించాలి, ఆ సంకోచంలో ఇతర మతస్థుల ఆచారంలో పాల్గొనడం గురించిన ధార్మిక ప్రశ్న ఎంత ఉందో, ఈ కుర్రాడు రేపు మదరసాకు వస్తే మాకు అంటుకుంటుందేమోనన్న భయమూ అంతే ఉంది. అటువైపు కాస్సేపు నిశ్శబ్దం. తర్వాత అతడు అడిగిన మాట ఇది: “మీరు వలీ గురించి చెప్పారు కదా హజ్రత్, జనాజా పాఠంలో. ఈయనకు ఇక్కడ వలీ ఎవరు?”

మేము అసర్ వరకు పుస్తకాలు తిరగేశాము. చెన్నై వైపు ఒక ముఫ్తీ గారికీ, హైదరాబాదులో ఒక సహాధ్యాయికీ ఫోను చేశాము. దేహాన్ని గౌరవంగా మోసి చేర్చడం మానవ ధర్మమని, మంత్రాలు, పూజలు వంటి మతకర్మలను వారి మతస్థులకే విడిచిపెట్టాలని, శ్మశానంలో కాటికాపరి గాని ఇంటి మనిషి గాని నిప్పు పెట్టేలా ఏర్పాటు చేసుకోవాలని తేలింది. మగ్రిబ్ తర్వాత ఆ అబ్బాయికి ఫోను చేసి ఈ వివరమంతా చెప్పబోయాము. “పని అయిపోయింది హజ్రత్” అన్నాడు. “కాటికాపరి సాయం పట్టాడు. పెద్దమ్మే నిప్పు పెట్టింది. మేము పక్కన నిలబడ్డాము. మీరు చెప్పబోయేది ఇదేనా?” ఎత్తిపొడుపు ఏమీ లేదు ఆ గొంతులో. నిజంగానే అడిగాడు.

దైవప్రవక్త (స) ఒకసారి కూర్చుని ఉండగా ఎదుట నుంచి ఒక జనాజా వెళ్లింది. ఆయన లేచి నిలబడ్డారు. అది ఒక యూదునిదని సహచరులు గుర్తుచేస్తే, అతనిదీ ప్రాణమే కదా అన్న భావం వచ్చేలా ఎదురు ప్రశ్న వేశారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్న ఈ హదీసును మేము ఎన్నో జుమా ప్రసంగాలలో వినిపించాము. హదీసు వినిపించిన మేము ఆ రోజు కూర్చున్నాము. పదకొండు పారాల దగ్గర ఆగిపోయినవాడు లేచి నిలబడ్డాడు.

ఆ తర్వాత కొద్దిరోజులకే మే 10వ తేదీ వచ్చింది. రంజాన్ 27వ రోజా విరమించి, మధ్యాహ్నం నుంచే అమలవుతున్న కర్ఫ్యూ కారణంగా ఇళ్లలోనే తరావీహ్ చదువుకుంటున్న వేళ, రుయాలో ఆక్సిజన్ పీడనం పడిపోయింది. తమిళనాడు నుంచి రావలసిన ట్యాంకరు ఆలస్యమైంది. 11 మంది చనిపోయారని ప్రభుత్వం ప్రకటించింది. ఆ రాత్రి గురించి ఎక్కువ రాయలేము. మరునాడు ఉదయం ఆ కుర్రాళ్లు మళ్లీ మార్చురీ దగ్గర ఉన్నారని మాత్రం తెలుసు. మూడు రోజుల తర్వాత పండుగ. కొత్త బట్టలు లేని పండుగ అది.

ఇంతవరకు చాలామందికి తెలిసిన కథే. మేము ఈ వ్యాసం రాయడానికి పూనుకున్నది దీని తర్వాత జరిగినదాని కోసం.

అంత్యక్రియలు చేసిన కుర్రాళ్లు జనన మరణ ధ్రువీకరణ పత్రాల కోసమో, మృతుని ఉంగరమో, ఫోనో అప్పగించడానికో ఆ ఇళ్లకు వెళ్లవలసి వచ్చింది. జీవకోన, కొర్లగుంట, సింగాలగుంట, ఆటోనగర్ వైపు వీధులు అవి. తిరుపతికి వచ్చే యాత్రికుడు చూడని తిరుపతి. కొండ కింద వాగు గట్లను పట్టుకుని కట్టుకున్న రేకుల ఇళ్లు, ఒక కుళాయికి ముప్ఫై బిందెలు, లాడ్జీలలో దుప్పట్లు ఉతికేవారు, హోటళ్లలో గిన్నెలు తోమేవారు, పూలు కట్టేవారు, బస్టాండులో మూటలు మోసేవారు. యాత్రికులు రాకపోతే వీరికి కూలి లేదు. రెండేళ్లపాటు యాత్రికులు సరిగా రాలేదు.

మా శిష్యుడు జీవకోనలోని ఆ పెద్దమ్మ ఇంటికి నలభై రోజుల తర్వాత వెళ్లాడు. బియ్యం సంచీ ఒకటి తీసుకువెళ్లాడు. ఆమె సంచీ తీసుకుని, “నాయనా, ఇది నెలకొస్తుంది. ఆ తర్వాత ఎవురినడగల్ల?” అన్నదట. ఆయన మరణ ధ్రువీకరణ పత్రంలో ఇంటిపేరు ఒక రకంగా, ఆధార్ కార్డులో మరో రకంగా పడింది. ఆ పత్రం సరికాకపోతే వితంతు పింఛనుకు అర్జీ తీసుకోరు. సుప్రీంకోర్టు 2021 అక్టోబరు 4న ఆమోదించిన ప్రకారం కోవిడ్ మృతుల కుటుంబాలకు 50,000 రూపాయల పరిహారం రావాలి. అందుకూ ఆ పత్రమే కావాలి, కోవిడ్ పరీక్ష ఫలితం కావాలి, బ్యాంకు ఖాతా కావాలి. ఆమె దగ్గర ఉన్నది చీటీల సంచీ ఒకటి. అందులో ఏ కాగితం దేనికో ఆమెకు తెలియదు. ఆ సంచీని ఆటో సీటు కింద పెట్టుకుని వాడు నాలుగు నెలలు తిరిగాడు. నగరపాలక కార్యాలయం, ఆసుపత్రి రికార్డుల గది, వార్డు సచివాలయం, మళ్లీ నగరపాలక కార్యాలయం. ఒక్కో తిరుగుడికి ఒక పూట ఆటో కిరాయి పోతుంది. పరిహారం వచ్చింది. పింఛను వచ్చింది. మొదటి నెల పింఛను అందిన రోజున ఆమె మా మదరసా గేటు దాకా వచ్చి, లోపలికి రాకుండా నిలబడి, “ఆ పిల్లోడు మీ కాడ చదువుకున్నోడంట గదా సాయిబూ” అని అడిగి వెళ్లింది. అవునన్నాము. పదకొండు పారాల సంగతి చెప్పలేదు.

వితంతువు కోసం, నిరుపేద కోసం పాటుపడేవాడు అల్లాహ్ మార్గంలో పోరాడేవానితో సమానమని ప్రవక్త (స) బోధించారు. పాటుపడడమంటే ఏమిటో ఆ నాలుగు నెలల్లో మాకు కొత్తగా అర్థమైంది. మనం సాధారణంగా దానినొక దానంగా ఊహించుకుంటాము. చేయి చాచినవారికి ఇచ్చి వెనుదిరిగే పనిగా అనుకుంటాము. కాని ఆమెకు కావలసింది బియ్యం కంటే ఎక్కువగా ఆమె తరఫున క్యూలో నిలబడే ఒక మనిషి. ఫర్జె కిఫాయా అనే మాటను మేము శవం దగ్గర మొదలుపెట్టి సమాధి దగ్గర ముగించాము. సమాధి నుంచి వెనక్కి తిరిగి వచ్చాక, మిగిలినవారి విషయంలోనూ అదే లెక్క ఉందని మాకు ఆ కుర్రాళ్లు చూపించారు. ఆ వీధిలో ఆ కాగితం పని ఎవ్వరూ చేయకపోతే ఎవరి మీద పాపం? చదువు వచ్చిన ప్రతివాని మీదా కాదా?

2021 నవంబరులో వరదలు వచ్చినప్పుడు ఈ విషయమే మరో రూపంలో ఎదురైంది. 18, 19 తేదీల్లో పడిన వానకు తిరుపతి వీధులు ఏరులయ్యాయి. స్వర్ణముఖి పొంగింది. రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని దిగువ గ్రామాలను ఖాళీ చేయించారు. అటు చిత్తూరు పట్టణంలో నీవా నది ఒడ్డున ఉన్న ఇళ్లలోకి నీళ్లు చేరాయి. ఆహార పొట్లాలు, దుప్పట్లు, పాత బట్టలు కుప్పలుగా వచ్చాయి. ఒక వారం అందరూ వచ్చారు. అన్ని మతాలవారూ వచ్చారు, అల్లాహ్ వారందరి శ్రమకూ ప్రతిఫలం ప్రసాదించుగాక. రెండవ వారం నుంచి నానిన రేషన్ కార్డు, కొట్టుకుపోయిన పదో తరగతి సర్టిఫికెట్టు, తడిసి పాడైపోయిన కుట్టుమిషను వంటి సమస్యలు మొదలయ్యాయి. అప్పటికి పొట్లాలు తెచ్చినవారు వెళ్లిపోయారు.

ఇక్కడ మన సమాజం గురించి ఒక మాట నొప్పి కలిగించినా చెప్పాలి. మన దాతృత్వానికి ఒక నెల ఉంది. రంజాన్ వస్తే జకాత్, ఫిత్రా, రేషన్ కిట్లు, ఇఫ్తార్ విందులు. షవ్వాల్ నెలవంకతో అంతా ముగుస్తుంది. జకాత్ విషయంలో మరో చిక్కు ఉంది, మదరసాల బయట చాలామందికి తెలియదు. హనఫీ ఫిఖహ్ ప్రకారం జకాత్ చెల్లాలంటే తమ్లీక్ జరగాలి, అంటే అర్హుడైన పేద విశ్వాసికి ఆ సొమ్ముపై సంపూర్ణ యాజమాన్యం కలగాలి. మృతదేహానికి యాజమాన్యం ఉండదు గనుక కఫన్ జకాత్‌తో కొనరాదు. అంబులెన్సులో డీజిలు పోయరాదు. ముస్లిమేతర నిరుపేదకు జకాత్ నుంచి ఇవ్వరాదు. అతనికి సదఖా నుంచి, లిల్లాహ్ సొమ్ము నుంచి నిస్సంకోచంగా ఇవ్వవచ్చు, ఇవ్వాలి కూడా. ముస్లిమేతర బంధువులకు దానం ఇవ్వడానికి కొందరు సహచరులు వెనుకాడినప్పుడు, వారిని సన్మార్గం పట్టించే బాధ్యత మీది కాదని తెలుపుతూ ఖుర్ఆన్ ఆ సంకోచాన్ని తొలగించిందని బఖరా సూరా వ్యాఖ్యానాలలో ఉంది. కాబట్టి సేవకు ఏడాది పొడవునా కావలసిన డీజిలు ఖర్చు, జిరాక్సుల ఖర్చు, ఒక పూట కూలి పోగొట్టుకున్న కుర్రవాడి ఖర్చు, ఇవన్నీ జకాత్ కాని సొమ్ము నుంచే రావాలి. మనవద్ద ఆ సొమ్మే తక్కువ. రెండున్నర శాతం లెక్కగట్టి చెల్లించిన తర్వాత ఇక తమ బాధ్యత తీరిపోయిందని అనుకునే సంపన్నులను మేము అనేకమందిని చూశాము. వారు చెడ్డవారు కారు. మేమే వారికి మిగతా పాఠం చెప్పలేదు.

కిట్ల గురించి కూడా. కొన్నేళ్ల క్రితం ఒక సంస్థవారు మా పేటలో రంజాన్ కిట్లు పంచారు. పేరు అవసరం లేదు, ఇప్పుడు అలా చేసేవారు చాలామంది ఉన్నారు. బ్యానరు కట్టి, స్త్రీలను వరుసలో నిలబెట్టి, ఒక్కొక్కరి చేతిలో సంచీ పెట్టి ఫోటో తీశారు. మా వీధి ఖాలా ఒకామె, భర్త ఉన్నప్పుడు నలుగురికి పెట్టిన చేయి, వంతు వచ్చేసరికి దుపట్టాను ముఖం మీదికి లాగుకుంది. ఫోటో తీసేవాడు “కొంచెం పైకి చూడండి ఆపా” అన్నాడు. ఆమె సంచీ అక్కడే పెట్టి వెళ్లిపోయింది. ఆ సంచీలో ఐదు కిలోల బియ్యం, కిలో చక్కెర, సేమ్యా, ఖర్జూరం ఉన్నాయి. బహిరంగంగా ఇచ్చే దానం మంచిదేనని, గుప్తంగా ఇచ్చేది అంతకంటే మేలని అల్లాహ్ సెలవిచ్చాడు. ఎత్తిపొడిచి, మనసు నొప్పించి దానాన్ని వృథా చేసుకోవద్దని అదే సూరాలో హెచ్చరించాడు. అడగడానికి మనసొప్పని పేదలను ఎరగనివాడు ధనవంతులని పొరబడతాడని కూడా అక్కడే ఉంది. కెమెరాకు ముఖం చూపించగలిగినవారికే చేరే సహాయం ఆ ఖాలాకు ఏనాటికీ చేరదు. హజ్రత్ జైనుల్ ఆబిదీన్ (రహ్మ) మదీనాలో రాత్రిపూట పిండి మూటలు వీపున మోసి పేదల వాకిళ్లలో పెట్టేవారని, ఆయన మరణించాక గుసుల్ చేయించేటప్పుడు వీపు మీద మచ్చలు చూసి గాని జనానికి తెలియలేదని చరిత్రకారులు రాశారు. దాతలు లెక్క అడుగుతారు, ఫోటో లేకపోతే నమ్మరు అని నిర్వాహకులు అంటారు. అందులో కొంత నిజముంది. లెక్కకు రసీదు చాలు, ముఖం అక్కరలేదు.

మనకంటే ముందు మన నేలమీదే ఇతరులు ఎలా పనిచేశారో చూడడంలో తప్పులేదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్రైస్తవ మిషన్లు కలిసి స్థాపించిన క్షయ చికిత్సాలయానికి వందేళ్లు దాటాయి. క్షయ అంటే ఇంట్లోవారే గిన్నె వేరుపెట్టిన కాలంలో అక్కడ రోగులను చేర్చుకున్నారు. చిత్తూరువారు నేటికీ పెద్ద జబ్బు చేస్తే బస్సెక్కి వెళ్లే వేలూరు ఆసుపత్రి 1900లో ఐడా స్కడ్డర్ అనే మహిళ ఒకే ఒక మంచంతో మొదలుపెట్టినది. తిరుపతిలోనే 1981లో పుట్టిన రాష్ట్రీయ సేవా సమితి, ఆ సంస్థను నడిపిన జి.మునిరత్నం గారు రాయలసీమ పల్లెల్లో బాలవాడీలు, మహిళా సంఘాలు అంటూ దశాబ్దాలు పనిచేశారు. వీరందరిలో మాకు కనిపించే గుణం ఒకటే, ఉండిపోవడం. మనవారిలోనూ ఆ గుణం లేదని కాదు. హైదరాబాదులో దబీర్‌పురా వంతెన కింద 2012 నుంచి అజహర్ మఖ్సూసీ గారు ప్రతిరోజూ మతం అడగకుండా అన్నం పెడుతున్నారు. అదే నగరంలో నవాబ్ సాహెబ్ కుంట వద్ద మస్జిదె ఇస్‌హాఖ్‌లో హెల్పింగ్ హ్యాండ్ ఫౌండేషన్ వారు ఆరోగ్య కేంద్రం తెరిచారు. చుట్టుపక్కల బస్తీలవారు ఏ మతంవారైనా వచ్చి రక్తపోటు, చక్కెర చూపించుకుంటారు. మస్జిదులో ఐదు పూటలా తలుపు తెరిచే ఉంటుంది. ఆ తలుపు వెనుక ఒక గది ఇవ్వడానికి మన రాయలసీమ మస్జిదు కమిటీలకు ఏమి అడ్డు? మేము రెండు చోట్ల అడిగి చూశాము. ఒకచోట ఆలోచిస్తామన్నారు. రెండవచోట, కార్పెట్లు పాడవుతాయన్నారు.

2022 ఏప్రిల్ చివరిలో రుయాలో జరిగినది తలచుకుంటే ఆ కార్పెట్లు గుర్తుకు వస్తాయి. చిట్వేలు వైపు నుంచి కొడుకును చికిత్సకు తెచ్చిన ఒక తండ్రి, ఆ పిల్లవాడు చనిపోతే, అంబులెన్సువారు అడిగిన వేల రూపాయలు ఇచ్చుకోలేక, బయటినుంచి తక్కువకు వచ్చిన బండిని వారు అడ్డుకోగా, పదేళ్ల బిడ్డ దేహాన్ని బైకు మీద ఒడిలో పెట్టుకుని దాదాపు 90 కిలోమీటర్లు వెళ్లాడు. దేశమంతా ఆ దృశ్యం చూసింది. అదీ రంజాన్ మాసమే. ఆ రాత్రి తిరుపతిలో ఎన్ని ఇఫ్తార్ విందులు జరిగాయో, ఎంత బిర్యానీ మిగిలిందో మాకు తెలుసు, మేమూ ఒక విందులో ఉన్నాము. ఆ తండ్రికి ఫోను చేయడానికి ఒక నంబరు తెలియలేదు. ఏడాది ముందు వందల దేహాలు మోసిన ఊరే ఇది. ఉద్ధృతి తగ్గగానే వాహనాలు తిరిగి ఇచ్చేశారు, కుర్రాళ్లు కూలికి వెళ్లిపోయారు. ఏ పనీ మిగలలేదని అందరమూ అనుకున్నాము.

ఆ వారంలో మా శిష్యుడు ఒక నోటుపుస్తకం పట్టుకుని వచ్చాడు. దానిలో గీతలు గీసి గడులు చేశాడు. ఇంటి గుర్తు, కష్టం ఏమిటి, ఏ కాగితం కావాలి, ఏ ఆఫీసు. చివరి గడికి “వలీ” అని పేరు పెట్టాడు. ఆ ఇంటి పని తీరేవరకు బాధ్యత వహించే ఒక మనిషి పేరు అందులో రాయాలి. సంస్థ పేరు రాయకూడదు, మనిషి పేరే రాయాలి. వలీ అనే పదానికి ఫిఖహ్‌లో అర్థం అది కాదు. వాడిని సరిదిద్దాలని నోటిదాకా వచ్చి, ఊరుకున్నాము.

ఆ రోజు నుంచి పెద్ద తరగతి పిల్లలు గురువారం సాయంత్రాలు ఇద్దరిద్దరుగా వెళ్తున్నారు. కొందరు తల్లిదండ్రులు అభ్యంతరం చెప్పారు. పిల్లలను చదువుకు పంపాము గాని అర్జీలు రాయడానికి కాదన్నారు. వారి మాట పూర్తిగా కొట్టివేయలేము, ఒక పిల్లవాడి సబఖ్ నిజంగానే వెనుకబడింది. ఆ పిల్లవాణ్ణి ఆపి మరొకరిని పంపాము. అర్జీ తెలుగులో రాయాలి, మా పిల్లలకు ఉర్దూ వచ్చినంతగా తెలుగు రాదు. అందుకని ఒక విశ్రాంత తెలుగు పంతులుగారు, మా పేటలోనే ఉంటారు, ఆదివారం ఉదయం వచ్చి నేర్పుతున్నారు. రుసుము అడగలేదు. టీలో చక్కెర మాత్రం వద్దంటారు. చిత్తూరు వైపు మా పాత విద్యార్థులు కొందరు ఇదే పుస్తకం పెట్టారు. అక్కడ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలలో తోతాపురి కోసే స్త్రీల ఇళ్లు ఎక్కువ. సీజను రెండు నెలలు, మిగతా పది నెలలు అప్పు. వారి పుస్తకంలో “కష్టం ఏమిటి” అన్న గడిలో వడ్డీ అనే మాటే మళ్లీ మళ్లీ వస్తోంది. వడ్డీలేని చిన్న అప్పుకు ఒక నిధి పెట్టాలని ప్రయత్నించారు. మొదటి ఏడాది మూడోవంతు సొమ్ము తిరిగి రాలేదు. ఇప్పుడు హామీదారు లేకుండా ఇవ్వడం లేదు. ఇవన్నీ నేర్చుకుంటున్నారు.

వాహనం ఇంకా సమకూరలేదు. దేహాన్ని తీసుకువెళ్లడానికి పనికివచ్చే పాత వ్యానుకు కూడా లక్షలు కావాలి. జకాత్ అందుకు చెల్లదని పైన రాశాము. ఒక ఆటో, ఒక టాటా ఏస్ యజమాని మాత్రం రాత్రి ఎప్పుడు పిలిచినా వస్తామని, డీజిలు ఖర్చు ఇస్తే చాలని మాట ఇచ్చారు. రెండవ ఆయన హిందువు. 2021లో ఆయన తండ్రి దేహాన్ని మోసినవారిలో మా శిష్యుడున్నాడని తర్వాత తెలిసింది.

మొన్న పుస్తకం మా ముందుకు వచ్చింది. ప్రస్తుతం నలభై మూడు ఇళ్లు నడుస్తున్నాయి. రెండు ఇళ్ల ఎదుట వలీ గడి ఖాళీగా ఉంది. ఒకటి కొర్లగుంటలో, మంచం పట్టిన వృద్ధుడు, వేలిముద్రలు పడక పింఛను ఆగింది. సోమవారం కలెక్టరేటులో జరిగే గ్రీవెన్సుకు ఆయన తరఫున అర్జీ వేయాలి. రెండవది మా ఇంటికి మూడు వీధుల అవతల. కిట్టు వదిలి వెళ్లిపోయిన ఆ ఖాలాయే. ఆమె కంటికి శుక్లం వచ్చిందని, ఎవరికీ చెప్పవద్దన్నదని రాసి ఉంది. మేము కలం తీసుకుని రెండవ గడిలో మా పేరు రాశాము. మొదటి గడి ఇంకా ఖాళీగానే ఉంది.